బొగ్గుబావులు – మన ఆడవాళ్ళు



బొగ్గుగని అనగానే ఎవరికైనా మగమనిషే గుర్తుకొస్తాడు. తలమీద టోపీ, దానికో దీపం, ఒళ్ళంతా మసి. కాని సింగరేణి గనుల పేర్లు ఒక్కసారి తలచుకోండి. కొత్తగూడెంలో పద్మావతి ఖని, మందమర్రి వైపు కల్యాణి ఖని, శాంతి ఖని. అన్నీ మన పేర్లే! అయినా చాలాకాలం ఆ గనుల్లోకి దిగే హక్కు మాత్రం మనకు లేదు. ఆ సంగతే ఇవాళ చెప్పుకుందాం.

ముందు కాస్త చరిత్ర. 1871లో విలియం కింగ్ అనే భూగర్భ శాస్త్రజ్ఞుడు ఇల్లెందు దగ్గర బొగ్గు ఉందని కనుగొన్నాడు. 1886లో ఇంగ్లండులో ఏర్పడిన హైదరాబాద్ దక్కన్ కంపెనీ తవ్వకపు హక్కులు సంపాదించింది. 1889లో బొగ్గు తీయడం మొదలైంది. దొరికింది ఇల్లెందు దగ్గర, పేరు మాత్రం పక్కనున్న సింగరేణి గ్రామానిది నిలిచింది. 1920 డిసెంబరు 23న సింగరేణి కాలరీస్ కంపెనీ ఏర్పడింది. 1945లో అది నిజాం ప్రభుత్వం చేతికి వచ్చింది. ఇప్పుడందులో రాష్ట్రానికి 51, కేంద్రానికి 49 శాతం వాటా ఉంది.

ఇదంతా పుస్తకాల్లో దొరుకుతుంది. మరి ఇందులో ఆడవాళ్ళెక్కడ?

ఒకప్పుడు ఝరియా, రాణీగంజ్ గనుల్లో భర్త బొగ్గు తవ్వితే భార్య తట్టకెత్తుకుని మోసేది. 1929లో వచ్చిన నిబంధనలతో బ్రిటిష్ ఇండియా గనుల్లో ఆడవాళ్ళను మెల్లమెల్లగా మాన్పించి, 1937 నాటికి పూర్తిగా ఆపేశారు. యుద్ధం వచ్చి బొగ్గుకు కరువు రాగానే 1943లో మళ్ళీ దిగమన్నారు. అవసరం తీరాక 1946లో మళ్ళీ వద్దన్నారు. 1952 నాటి గనుల చట్టంతో భూగర్భంలో స్త్రీలు పనిచేయరాదన్న నియమం దేశమంతటికీ స్థిరపడింది. మన క్షేమం కోసమే అన్నారు. గనిలో ప్రమాదం ఉన్నమాట నిజమే. కాని యుద్ధమప్పుడు ఆ క్షేమం ఏమైందని అడగాలా వద్దా? పైగా కూలి పోయిన ఇల్లాలికి బదులుగా ఏం దొరికింది? 2019లో ఈ నియమం సడలింది. సాంకేతిక, పర్యవేక్షణ ఉద్యోగాల్లో ఉన్న స్త్రీలు పగటివేళ గనిలోకి దిగేందుకు వీలు కలిగింది.

దిగనంతమాత్రాన గనికీ మనకూ సంబంధం లేదనుకోకండి. గని మూడు షిఫ్టులు నడిస్తే ఇల్లూ మూడు షిఫ్టులు నడవాల్సిందే. తెల్లారకముందే సద్ది కట్టాలి. రాత్రి షిఫ్టు చేసివచ్చిన మనిషికి పొద్దున నీళ్ళు కాచాలి, ఆయన పగలు నిద్రపోతుంటే పిల్లల్ని చప్పుడు చేయకుండా చూసుకోవాలి. మసిబట్టలు ఉతికి ఉతికి చేతులు కాయలు కాస్తాయి. "ఆయన బాయికి పోయిండు" అన్న మాట నోట అంటున్నా, వేళకు ఇల్లు చేరేదాకా మనసు మనసులో ఉండదు. ఈ చాకిరీ ఏ మస్టరులోనూ ఎక్కలేదు.

ఇప్పుడు బొగ్గులో ఎక్కువ భాగం ఓపెన్‌కాస్టు గనుల నుంచే వస్తోంది. భూగర్భ గనులు తగ్గుతున్నాయి. టబ్బులు నింపిన తట్టా, చెమ్మస్ ఎలా ఉండేవో ఈకాలం పిల్లలకు తెలియదు. ఆ చెమ్మస్‌ను తెచ్చి ఏ ప్రదర్శనశాలలోనైనా పెట్టవచ్చు. మీ అత్తగారి జ్ఞాపకాన్ని మాత్రం ఆవిడ ఉండగానే రాసి పెట్టుకోవాలి.

కాబట్టి బొగ్గుగనుల ఊళ్ళలో ఉన్న చెల్లెళ్ళకు ఒక మనవి. ఈ ఆదివారం అమ్మమ్మను, అత్తమ్మను కూర్చోబెట్టి అడగండి. ఏ ఊరి నుంచి వచ్చారు, మొదట ఏ గుడిసెలో ఉన్నారు, నీళ్ళెక్కడ తెచ్చుకున్నారు, జీతం రోజు ఇంట్లో ఏం జరిగేది, ప్రమాదం జరిగితే కబురు ఎలా వచ్చేది? పిల్లల పాత నోటుపుస్తకంలో మిగిలిన తెల్లకాగితాలు చాలు. వాళ్ళు చెప్పింది చెప్పినట్టే, వాళ్ళ మాటల్లోనే రాయండి. కింద వాళ్ళ పేరు వేయడం మరిచిపోకండి.

సెలవు.