తోటలో వచ్చిన కూడిక బడిలో ఏల తప్పుచున్నది?

పంచాయతీ సభ్యులారా,

మామిడి కోతలనాడు నూజివీడు తోటలలో తిరుగు ఆరవ తరగతి బాలుని పిలిచి, అర కిలోయు పావు కిలోయు కలిసిన నెంతయని అడిగి చూడుడు. ముప్పావు కిలో యని వెంటనే చెప్పును. ఆ బాలునికే పుస్తకమిచ్చి 0.5, 0.25 కూడుమన్నచో 0.30 అని వ్రాయుట కలదు. ఐదును ఇరువదియైదును కలిపిన ముప్పదియే గదా యని యతని వాదము.

ఇది నవ్వి విడువదగిన పొరపాటు కాదు. బంగినపల్లి కాయల గంప యొకటి 12.5 కిలోలు, మరియొకటి 9.25 కిలోలు తూగిన వనుకొందము. చుక్కను చూడక, కుడి అంచు సరిచేసి అంకెలు పేర్చిన బాలునికి మొత్తము 10.50 వచ్చును. అసలు మొత్తము 21.75. పదకొండుంబావు కిలోలు కాగితము మీదనే మాయమైనవి! రెండు గంపలు కలిసి మొదటి గంపకంటె తేలికగుట యెట్లని అతనికి తోచకపోవుటయే మాకు ఎక్కువ విచారము.

లోపము తెలివిలో లేదు. కోల్‌కతా, ఢిల్లీ బజారులలో పనిచేయు పిల్లలను పరీక్షించి అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో మొదలగువారు 2025లో ప్రకటించిన పరిశోధన ఈ సంగతినే చూపినది. బజారులో చిక్కులెక్కలు నోట చెప్పు పిల్లలు బడిలెక్కలకు తడబడిరి. బడిపిల్లలు బజారు లెక్కలకు తడబడిరి. వెనుకటి వీధిబడులలో పావు, అర, ముప్పావు ఎక్కములు వల్లె వేయించెడివారు. అది విసుగు పుట్టించిన మాట నిజమే గాని, పావనగా నెంతయో ఆ పిల్లలెరుగుదురు.

కావున 12.5 ను 12 కిలోల 500 గ్రాములుగను, 9.25 ను 9 కిలోల 250 గ్రాములుగను ముందు వ్రాయించి కూడించవలెను. పిదప 12.5 ను 12.50 చేసి, చుక్క క్రింద చుక్క నిలిపి అదే లెక్క మరల చేయించవలెను. రెండవ గంప 9.75 అయినచో గ్రాములు 1250 అగును. అందులో వేయి గ్రాములు ఒక కిలోయై ప్రక్కకు చేరును. చేతిలో ఒకటి యనగా నేమో బాలునికి అప్పుడు తెలియును. కూడకముందే "మొత్తము ఇరువదికి ఎక్కువా, తక్కువా?" అని అడుగుట మరువరాదు.

ఇందులో మీ పని యేమందురా? 2009 విద్యాహక్కు చట్టము 21వ సెక్షను ప్రకారము పాఠశాల యాజమాన్య కమిటీలో స్థానిక సంస్థల ప్రతినిధులకు చోటు గలదు. నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే. అచట గోడలను, కుళాయిలను గూర్చి చర్చింతురు, మంచిదే. ఒక్కమారు పిల్లలచే లెక్క కూడించియు చూడుడు. పిల్లలను కాటావద్ద పనికి నిలుపుడని మా భావము కాదు. నిరుటి కోతల కాటా చీటీలు మీ యిండ్లలో నుండును. పేర్లున్న భాగము చించివేసి, పది చీటీలు లెక్కల మాస్టారికి పంపుడు.