సీసాలో ఏముందని ఎవరడిగారు?
(స్మారకోపన్యాసం, నిజామాబాద్)

ఈ సభ ఎవరి పేరిట జరుగుతోందో ఆ సారు గుణగణాలు నా ముందు మాట్లాడినవాళ్లు చెప్పేశారు. నేను కలిపేది ఒక్కటే. ఎవరికీ పుస్తకం అరువివ్వని ఆయన నాకు జిల్లా సెన్సస్ పుస్తకం ఇచ్చి, మళ్లీ అడగలేదు. అది ఇంకా నా బీరువాలోనే ఉంది.

విషయానికొస్తాను. ఎవరు ఎక్కువ తాగుతారంటే జవాబు అందరికీ కంఠతా వచ్చు: మగవాళ్లు, పల్లెవాళ్లు, చదువు లేనివాళ్లు, కూలీలు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణ మగవాళ్లలో 43.3 శాతం, ఆడవాళ్లలో 6.7 శాతం తాగుతామన్నారు. ఆంధ్రప్రదేశ్‌లో అవే అంకెలు 23.3, 0.5.

నా పేచీ ఆ 6.7తో. ఈ జిల్లాలో బీడీలు చుట్టే ఆడవాళ్లు పొద్దుగూకాక తాగేది ఎక్కువగా కల్లే. సర్వే "తాగుతారా, ఎన్నాళ్లకోసారి?" అంటుంది. ఎంత అనదు. సీసాలో ఇంకేం కలిసిందన్న ఊసే లేదు. ఇక్కడి కల్లు డిపోల మీద పెట్టిన కల్తీ కేసుల్లో మాత్రం క్లోరల్ హైడ్రేట్, డయాజెపామ్, ఆల్ప్రాజోలం అనే మత్తుమందుల పేర్లే తిరిగి తిరిగి వస్తాయి.

కలిపినా కల్లు కల్లే కదా అంటారు. సరే, లెక్క కడదాం. ఒక్క విడతలో 60 గ్రాములు లేదా అంతకు మించి ఆల్కహాల్ తాగితే అతిగా తాగినట్టని ప్రపంచ ఆరోగ్య సంస్థ కొలత. అయిదు శాతం ఆల్కహాలున్న 650 మిల్లీలీటర్ల కల్లు సీసాలో సుమారు 25 గ్రాములు. రెండు సీసాలు తాగినా ఆ హద్దు దాటదు. నీళ్లూ శాకరిన్ కలిపిన కల్లయితే అంత కూడా ఉండదు. మరి 2015 సెప్టెంబరులో కల్తీ కల్లు మీద దాడులు జరిగి సరుకు ఆగిపోయినప్పుడు, నిజామాబాద్‌లో అంతమంది ఫిట్స్‌తో, పిచ్చిచూపులతో ఆసుపత్రికి ఎందుకు పరిగెత్తారు?

ఆల్కహాల్ మానినా ఫిట్స్ వస్తాయని ఓ డాక్టరు మిత్రుడు అడ్డు తగిలాడు. వస్తాయి, రోజూ బాగా తాగేవాళ్లకు. మత్తుబిళ్లలు ఆపినా అవే లక్షణాలు, వైద్యమూ దాదాపు ఒకటే. మంచం పక్కన నిలబడ్డ డాక్టరుకు ఆ తేడాతో అంత పని లేదు. తాగుడుకు కారణాలు రాసే మనకు ఉంది. మూత్రపరీక్ష లేకుండా ఆ బీడీలు చుట్టే మనిషిని మద్యం గడిలో వేసి, ఆ మీదట కులాచారమనీ తెలంగాణ సంస్కృతి అనీ కారణాలు వెతుకుతున్నాం. బిళ్ల చేసిన పనిని బోనాలకూ దావత్‌లకూ అంటగడుతున్నాం. కల్లు గీసే గౌడులను దోషులు చేయడమూ ఇందులో భాగమే. గీసేవాడు వేరు, డిపోలో కలిపేవాడు వేరు.

అందుకే ఇప్పుడు మనుషుల్ని వదిలి చెట్లు లెక్కపెడుతున్నా. ఏ ఊళ్లో గీతకొచ్చే తాటి, ఈత చెట్లెన్ని, ఏ నెలలో ఎంత కల్లు పారుతుంది, అక్కడి దుకాణాల్లో రోజుకెంత అమ్ముడవుతుంది? చెట్టు ఇవ్వనిది సీసాలోకి ఎలా వచ్చిందో ఆ తేడాయే చెప్పాలి. ఎడపల్లి, రెంజల్ మండలాలు అయ్యాయి; కోటగిరి సగంలో ఉంది. వర్నిలో చెట్ల రిజిస్టరు దొరికింది కానీ అమ్మకాల పుస్తకం దొరకలేదు. గీత సంఘాల పాత లెక్కల పుస్తకాలు మీ ఇళ్లల్లో ఉంటే, చెదలు పట్టినవైనా సరే, సభ అయ్యాక నాతో చెప్పండి. సారులా కాదు, నేను రశీదు రాసిచ్చి తీసుకుంటా.