ఇంట చేసికొను ధ్వనిపేటిక



గ్రంథాలయ రజతోత్సవములో ప్లైవుడ్డు పెట్టెను గురించిన ప్రసంగమేమిటని కొందరికి తోచవచ్చును. హనుమకొండలో 1904లో రాజరాజ నరేంద్రాంధ్ర భాషానిలయము వెలసినది. ఆ కాలపు గ్రంథాలయోద్యమమునకు వెన్నెముకయై నిలిచిన కొమర్రాజు లక్ష్మణరావుగారు 1906లో విజ్ఞాన చంద్రికా గ్రంథమండలిని నెలకొల్పి, చరిత్రతోపాటు శాస్త్రగ్రంథములను కూడ తెలుగున వెలువరింపజేసిరి. కావున చేతిపనియు, దాని వెనుకనుండు లెక్కయు గ్రంథాలయమునకు పరాయివి కావు.

సబ్ వూఫరు అను మాట నేడు పల్లెలలో పిల్లలందరి నోటను ఉన్నది. సెకనుకు సుమారు 20 మొదలు 100 వరకు కంపనములు గల కింది స్థాయి ధ్వనిని పలికించు స్పీకరునకు అది పేరు. స్పీకరును అంగడిలో కొనవలసినదే. దానిని బిగించు పెట్టెను మాత్రము ఇంట చేసికొనవచ్చును. సగము ధ్వని ఆ పెట్టెలోనే ఉన్నది. ఆ పెట్టెను చేయుటకు కుమారుడొక్కడు చాలడు, తండ్రియొక్కడును చాలడు. పిల్లవానికి లెక్క వచ్చును, కోత రాదు. తండ్రికి కోత వచ్చును, లీటర్ల లెక్కతో పనిపడి యుండదు.

అసలు పెట్టె యేల? స్పీకరును ఉత్తచేత పట్టుకొని మ్రోగించి చూడుడు. పాట వినబడును గాని డోలు దెబ్బలోని బరువు వినబడదు. స్పీకరు గరాటు ముందునకు కదలినపుడు ముందరి గాలి నొక్కుకొనును, వెనుకటి గాలి పలుచబడును. నొక్కుకొన్న గాలి అంచు చుట్టి వెనుకకు పోయి ఆ లోటును పూడ్చును. సెకనుకు 40 కంపనముల ధ్వనికి తరంగదైర్ఘ్యము సుమారు ఎనిమిదిన్నర మీటర్లు. గరాటు వెడల్పు ఒక అడుగు మాత్రమే. అందుచే కింది ధ్వని పుట్టినచోటనే అణగిపోవును. ఒక దళసరి అట్టకు రంధ్రము చేసి స్పీకరును దానికి ఆనించినచో తేడా అప్పుడే తెలియును. మన ప్రాంతపు వాద్యములలోను ఇట్టి భేదమున్నది. వెనుక తెరచియుండు డప్పు గణగణ మ్రోగును; కొయ్యగుల్ల మూసియుండు ఒగ్గువారి డోలు గంభీరముగ పలుకును. దీనికి ఇతర కారణములును కలవు గాని, మూసిన గుల్ల యొక్క మహిమ కొంత ఉన్నది.

నేటి స్పీకరునకు మూలమైన యంత్రమును 1925లో అమెరికాలో రైస్, కెలాగ్ అనువారు లోకమునకు తెలిపిరి. పెట్టెకు గొట్టమమర్చి వెనుకటి ధ్వనిని కూడ వినియోగించు పద్ధతికి 1932లో థురాస్ అను నతడు పేటెంటు పొందెను. అయినను చాలకాలము పెట్టె కొలత ఊహమీదనే సాగెను. 1961లో ఆస్ట్రేలియాలో నెవిల్ థీల్ వ్రాసిన వ్యాసమును, 1970 తరువాత రిచర్డ్ స్మాల్ చేసిన కృషియును దానిని లెక్కకు తెచ్చినవి. నేడు మంచి స్పీకరుతో వచ్చు కాగితముపై ఆ సంఖ్యలుండును. ఆ కాగితము లేని స్పీకరును, ఎంత చవుకైనను, కొనకుండుట మేలు.

ఇక కర్ర సంగతి. తండ్రి వడ్రంగి యైనచో ఏటూరునాగారము అడవుల టేకును తలచుట సహజము. ద్వారబంధమునకు టేకును మించినది లేదు; ఈ పెట్టెకు మాత్రము అది తగదు. వెడల్పైన టేకుపలక మన వేసవికి కుంచించుకొని, వానకాలమున ఉబ్బును, అతుకులు విడును. ప్లైవుడ్డులో పలుచని పొరలను ఒకదాని ఈనె నిలువుగను, మరొకదాని ఈనె అడ్డముగను ఉండునట్లు అంటింతురు. కావున అది ఋతువులకు అంతగా లొంగదు. 18 మిల్లీమీటర్ల దళసరి కలది చాలును. పలుచని పలకతో చేసినచో స్పీకరుతోపాటు పెట్టెగోడలును వణకి, పాటలో లేని మ్రోత వచ్చును. నడుమ ఒక అడ్డకర్ర బిగించిన పిదప వ్రేలితో తట్టి చూడవలెను. కొత్తకుండను కొనువారు తట్టి చూచుట పల్లెలో ఎరుగనిది కాదు. అయితే కుండ ఖంగుమనవలెను. ఈ పెట్టె ఖంగుమనరాదు.

పొరపాటు ఎక్కువగా జరుగుచోటు కొలత. పన్నెండంగుళాల స్పీకరొకదానికి 40 లీటర్ల మూసిన పెట్టె కావలెననుకొందము. లోపలి కొలత 40, 40, 25 సెంటీమీటర్లు. గుణించిన సరిగా 40 లీటర్లు. పిల్లవాడు ఆ అంకెలనే కాగితముపై వ్రాసి యిచ్చును. తండ్రి వాటిని బయటి కొలతలుగా గ్రహించి కోసినచో, రెండువైపుల దళసరి పోగా లోపల మిగులునది 36.4, 36.4, 21.4. అనగా 28 లీటర్లకు కొంచెము మించును. పాతిక భాగమునకు పైగా పోయినది! రంపము పట్టుటకు ముందు ‘బాపూ, ఇది లోపటి కొలత’ అని ఒక్కమాట చెప్పినచో ఆ పలక దక్కును. సరియైన కోత ఇది: ముందు, వెనుక పలకలు 43.6 చదరము, పైది, కిందది 43.6కు 25, ప్రక్కవి 40కి 25. స్పీకరు వెనుకభాగమును అడ్డకర్రయును ఆక్రమించు చోటునకు లోతు కొంత పెంచవలెను. ఈ విషయమును తల్లి త్వరగా గ్రహించుటయు కలదు. రవిక కుట్టు నామెకు కుట్టులోనికి పోవు గుడ్డను విడిచి కత్తిరించుట నిత్యకృత్యము.

గొట్టము పెట్టిన పెట్టెకు లెక్క వేరు. బిందెలో నీరు పట్టునపుడు, నీరు పైకి వచ్చినకొలది ధ్వని సన్నగిల్లుట అందరును విన్నదే. లోపలి గాలి తగ్గినకొలది స్థాయి హెచ్చును. పెట్టెలోను అంతే. 60 లీటర్ల పెట్టెకు లోపలి వ్యాసము 10 సెంటీమీటర్లుగల గొట్టమును 25 సెంటీమీటర్ల పొడవున అమర్చినచో అది సెకనుకు సుమారు 35 కంపనములవద్ద పలుకును. గొట్టమును 15కు కోసినచో అది 42 వరకు పోవును. పొలమునకు తెచ్చిన పి.వి.సి. గొట్టపుముక్క ఇందుకు పనికివచ్చును. కోసినదానిని తిరిగి పెంచుట కష్టము గనుక మొదట కొంచెము పొడవుగనే ఉంచవలెను.

కరెంటు రంపమును తండ్రియే పట్టవలెను. పొట్టు ఊపిరితిత్తులకు మంచిది కాదు గనుక ఇద్దరును ముక్కునకు గుడ్డ కట్టుకొనవలెను. అతుకునకు తెల్లబంక దండిగా పూసి, జానెడు దూరమునకు మించకుండ మరలు బిగించి, ఒక రాత్రి ఆరనీయవలెను. మరునాడు స్పీకరును బిగించి, మెల్లగా మ్రోగించుచు, వెలిగించిన అగరువత్తిని అతుకులవెంట నడిపింపవలెను. పొగ బెదరినచోట సందున్నదని అర్థము; బంకతో పూడ్చవలెను.

పెట్టె కుదిరిన నాటినుండి అసలు తగవు మొదలగును. దానిని వీధి యంతయు వినునట్లు మ్రోగించవలెనని పిల్లవాని ఉబలాటము. కింది ధ్వని గోడలను సులభముగ దాటును. పొరుగింటికి పాట చేరదు, గుద్దు మాత్రమే చేరును. ఆ యింట జ్వరముతో నున్నవారో, చంటిబిడ్డయో, పరీక్షకు చదువుకొను పిల్లయో ఉండవచ్చును. 2000 నాటి శబ్దకాలుష్య నిబంధనలు నివాసప్రాంతములకు పగలు 55, రాత్రి 45 డెసిబెల్సు హద్దుగా పెట్టినవి. రాత్రి 10 మొదలు ఉదయము 6 వరకు బహిరంగస్థలములలో ధ్వనివర్ధకములను నిషేధించినవి. 2005లో సుప్రీంకోర్టు ఆ రాత్రి నిషేధమును సమర్థించినది. వినువాని చెవికిని హద్దు కలదు. ప్రపంచ ఆరోగ్యసంస్థ లెక్కలో 80 డెసిబెల్సు ధ్వనిని వారమునకు 40 గంటలు వినవచ్చును. అదే 90 అయినచో 4 గంటలే. పెండ్లి ఊరేగింపులో పెట్టెల గుట్టముందు ఎగురు పిల్లలకు ఈ లెక్క చెప్పువారు కరవు. తన చేత కోసి, అతికి, పొగపట్టి చూచిన పెట్టెనుండి మృదంగపు తొప్పి స్పష్టముగ వినుట యెరిగినవాడు గుద్దుకొరకు అంతగా ఆశపడడు.

పరీక్షకు తండ్రియు కుమారుడును కలిసి కూర్చుండవచ్చును. వయసుతో మొదట తగ్గునది పై స్థాయి వినికిడి; కింది స్థాయి చాలకాలము నిలుచును. కావున ఈ ఒక్క పరీక్షలో తండ్రి చెవి కుమారుని చెవికి తీసిపోదు. మృదంగపు దెబ్బలు విడివిడిగా వినబడుచున్నచో పెట్టె కుదిరినట్లే. ఒకదానిలో నొకటి కలిసి గుంయని సాగుచున్నచో పెట్టెను గదిమూలనుండి రెండడుగులు ఇవతలికి జరుపవలెను. మూల కింది ధ్వనిని హెచ్చించును. అప్పటికిని తగ్గనిచో, మూసిన పెట్టెయైనచో లోపల కొంత దూదిని పరచి మరల బిగించి చూడవలెను.