బడిలో తొలినాటి చేతిపని



జూన్ మాసమున బడులు తెఱచునాడు, తల్లిచెంగు విడువని పసివారు గుమ్మమునొద్ద ఏడ్చుచుందురు. ఆ క్షణముననే పలక నిచ్చి వ్రాయుమని గద్దించుట తగదు. తొలినాటి భయము పాతుకొన్నచో బిడ్డ చదువునకే దూరమగును. ఒకటవ తరగతిని పెక్కేండ్లు నడపినవాడను గావున చెప్పుచున్నాను: మొదట చేతికి పని కల్పింపవలెను.

చెఱువు బంకమన్నులో ఱాళ్లు ఏఱివైచి, నిమ్మకాయంత ముద్ద యొక్కొక్కరికి ఇయ్యవలెను. శిశువు దానిని అరచేతులతో పామువలె నులుమును. కొనలు రెండును కలిపినచో సున్న యగును. వ్రాతకు వలయు వ్రేళ్ల పటుత్వము ఆటలోనే అలవడును. పిమ్మట తలకొక మామిడాకు నిచ్చి, త్రాటిపై మడిపించి, ఉపాధ్యాయుడు ఈనెపుల్ల గ్రుచ్చినచో తోరణ మగును. మఱునాడు "నా యాకేది?" యని చూచుటకైనను పిల్లవాడు పరుగెత్తి వచ్చును.

ఇది క్రొత్తమాట కాదు. జర్మనీదేశమున ఫ్రోబెల్ 1837లోనే పసివారికి ఆటవస్తువులతో బడి నడపెను. 1937లో వార్ధా విద్యాసభయందు గాంధీమహాత్ముడు చేతిపని మూలముగా చదువు చెప్పవలెననెను.

మీరు చేయవలసినది స్వల్పము. బడికి మన్నును, ఆకులను పంపుడు. సాయంకాలము మనుమనిని "ఏమి వ్రాసితివి?" అనక, "ఏమి చేసితివి?" అని యడుగుడు. వాడు తెచ్చిన మట్టిసున్నను పాఱవేయక గూటిలో దీపముప్రక్క నుంచుడు. మఱునాడు బడికి పోవుటకు వానికి అదియే ధైర్యము.