వేలిముద్ర వేసే ముందు

(గ్రామీణ మహిళల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో ఊడ్పు ఊడ్చేదీ, కలుపు తీసేదీ మనం. మగవాళ్లు విశాఖపట్నానికో, హైదరాబాదుకో, చెన్నైకో వలసపోతే ఆ పొలాన్ని కనిపెట్టుకుని ఉండేదీ మనమే. కానీ పట్టాదారు పాసుపుస్తకం తెరిచి చూస్తే మనలో ఎందరి పేర్లున్నాయి? భర్త చనిపోయినా, వదిలేసినా, మర్నాడు నిలబడటానికి మనకంటూ ఎన్ని సెంట్ల నేల ఉంది?

ఆడపిల్లకు ఆస్తిలో హక్కు లేదనుకుంటే పొరపాటు. 1956 నాటి హిందూ వారసత్వ చట్టం కూతురికి వాటా ఇచ్చింది. అయితే ఉమ్మడి ఆస్తిలో కొడుకుకి పుట్టుకతోనే హక్కు. కూతురికి తండ్రి వాటాలోనే భాగం. ఒక లెక్క చూద్దాం. నాలుగెకరాల ఉమ్మడి భూమి, తండ్రి, ఒక కొడుకు, ఒక కూతురు. తల్లి లేదు. తండ్రి వీలునామా రాయకుండా పోతే ఆ చట్టం ప్రకారం కొడుకుకి మూడెకరాలు, కూతురికి ఒక ఎకరం. ఒకే తల్లి కడుపున పుట్టినవాళ్లకు ఇదీ న్యాయం!

దీన్ని సరిదిద్దడంలో మన రాష్ట్రం ముందడుగు వేసింది. ఎన్.టి. రామారావు ప్రభుత్వ కాలంలో చేసిన సవరణ చట్టం 1985 సెప్టెంబరు 5 నుంచి అమల్లోకి వచ్చింది. కూతురికీ కొడుకుతో సమానంగా పుట్టుకతోనే హక్కు వచ్చింది. ఇందాకటి లెక్కలో ఇద్దరికీ చెరి రెండెకరాలు. తరవాత 1989లో తమిళనాడు, 1994లో కర్ణాటక, మహారాష్ట్ర ఇదే బాట పట్టాయి.

కానీ ఆ చట్టంలో ఒక కంత ఉంది. ఆ తేదీకి ముందే పెళ్లయిన కూతుళ్లకు ఈ హక్కు లేదన్నారు. పెళ్లయితే ఆడపిల్ల పరాయిదన్న మాట చట్టంలోకే వచ్చి కూర్చుంది. 2005లో కేంద్రం చేసిన సవరణతో ఆ అడ్డు తొలగింది. 2005 సెప్టెంబరు 9 నాటికి తండ్రి బతికి ఉండనవసరం లేదని సుప్రీంకోర్టు 2020లో తేల్చింది. 2004 డిసెంబరు 20కి ముందు రిజిస్టరైన పంపకాలను మాత్రం తిరగదోడలేం. ‘పెద్దమనుషుల ముందు నోటిమాటగా ఎప్పుడో పంచేసుకున్నాం’ అంటే, ప్రభుత్వ పత్రాల ఆధారం లేకుండా మామూలుగా చెల్లదు.

మరి హక్కు ఉండి కూడా నేల ఎందుకు రావడం లేదు? ‘పెళ్లికి కట్నం ఇచ్చాం కదా’ అంటారు. అల్లుడి చేతికి పోయిన డబ్బు ఆడపిల్ల వాటా ఎలా అవుతుంది? తండ్రి పోయాక దినకార్యం ముగియకముందే హక్కు విడుదల పత్రం ముందు పెడతారు. చీర, పసుపు కుంకుమ చేతిలో పెట్టి వేలిముద్ర వేయమంటారు. “తగువు పెట్టుకుంటే రేపు కన్నోరింటి గుమ్మం ఎలా తొక్కుతాను?” అని మీలో ఒకామె నన్ను అడిగింది. ఆ భయం నిజమైనదే, కొట్టిపారేయను. కానీ ఆలోచించండి: వాటా అడిగితే తెగిపోయే బంధం, కష్టకాలంలో మనకు నీడ ఇస్తుందా?

ఇంకో సంగతి. సవర, జాతాపు అక్కచెల్లెళ్లకు ఈ హిందూ వారసత్వ చట్టం వర్తించదు. గిరిజన స్త్రీలకు సమాన వాటా చట్టంలోనే స్పష్టంగా రాయాలని మనందరం కలిసి అడగాలి. తండ్రి తన వాటాను వీలునామాతో కొడుకులకే రాసే దారి కూడా ఇంకా తెరిచే ఉంది.

చట్టం దానంతటది గడప దాటి రాదు. ఏ కాగితమైనా చదివించుకుని, రెండు రోజులు గడువు అడిగి, ఆ తరవాతే సంతకం చేయండి. జిల్లా న్యాయసేవాధికార సంస్థలో స్త్రీలకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా వకీలును ఇస్తారు. ఒంటరిగా వెళ్లడానికి జంకితే నలుగురం కలిసి వెళదాం. అన్నిటికీ ముందు మనం కూడా తల్లులమే. మన ఇళ్లలో పంపకాలు జరిగే రోజున కూతురిని కూడా కూర్చోబెట్టి వాటా వేద్దాం.