మన సంఘపు వెబ్‌సైటు: వచ్చినవారికి దారి



మన సంఘమువారి వెబ్‌సైటును మేము ఈ నడుమ ఆసాంతము చూచితిమి. మొదటి పుట నిండ కార్యవర్గము వారి చిత్రములు, సన్మానసభల చిత్రములు. విద్యార్థి సహాయమునకు దరఖాస్తు నాలుగు పుటల వెనుక నున్నది. లంకల గన్నవరమున డొక్కా సీతమ్మగారు (1841-1909) అన్నము పెట్టిన దినములలో బాటసారి దాతల పేళ్లు చదివి పిదప విస్తరిని వెదకుకొనలేదు గదా!

ఆ దరఖాస్తునకు పెట్టిన పేరు 'విద్యాభ్యుదయ ప్రోత్సాహక పథకము'. సంస్కృతము చదివిన మాకే అది సహాయమో బహుమానమో బోధపడలేదు. 'చదువునకు డబ్బు సాయము' అని వ్రాసిన నేమి? గడువు ముగిసిన పిదప దరఖాస్తు కంటబడిన పిల్లకు ఆ యేటి సాయము పోయినట్లే.

ఇక ప్రకటనలు. కాగితముపై అచ్చొత్తించి, దానిని ఫోటో తీసి యెక్కించుచున్నారు. తెలుగు లిపికి యూనికోడ్‌లో 1991 నాటికే స్థానము లభించినది. అక్షరములుగా వ్రాసినచో వెదకువారికి దొరకును. చూపు లేనివారికి ఫోను చదివి వినిపించును. ఫోటోగా పెట్టినచో ఈ రెండింటికిని భరోసా లేదు.

దాతల సంగతి సులభము. రశీదు దొరకు చోటును, నగదుగా 2,000 రూపాయలకు మించి యిచ్చినచో పన్ను మినహాయింపు లేదను మాటయు ఉండిన చాలును.

ప్రతి పుటలోను ఫోను నంబరు ఉండవలెను. ఆ ఫోను ఎత్తు మనిషియు ఉండవలెను. చిత్రములను తీసివేయుమని మేము అనము, కడపటి పుటకు జరుపుడనియే మా మనవి. ఈ మార్పులు కళాశాలలలో ప్రవేశములు మొదలగుటకు ముందే జరుగవలెనని ప్రతిపాదించుచున్నాము.