వేషము వేసికొను ఆట: ‘అండర్‌టేల్’ గుణదోషములు

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతముల పల్లెలలో పెరిగిన పెద్దవారికి చిరుతల రామాయణమును గూర్చి మేము వేరుగా చెప్పవలసిన పని లేదు. పగలు నాగలి పట్టినవాడు, మగ్గము ముందు కూర్చున్నవాడు, రాత్రి గురువు ఎదుట నిలిచి, చేత చిరుతలు పట్టి, అడుగు నేర్చుకొనును. నెలల తరబడి అభ్యాసమైన పిదప, పంటలు ఇంటికి చేరిన కాలమున, ఊరి నడుమ ఆట కట్టుదురు. నిన్న మన యింటికి పాలు పోసిన మనిషి నేడు రావణుడై గర్జించును. నూనూగు మీసము తీసివేసిన యువకుడు సీతయై కన్నీరు పెట్టించును. తెల్లవారిన తరువాత ఎవరి పనికి వారు పోవుదురు.

మరియొకరి వేషము వేసికొని కొంతసేపు బ్రతికి చూచుట మనుష్యునికి సహజమైన వేడుక. బొమ్మరిల్లు కట్టి అత్తాకోడండ్ర మాటలాడు చిన్నపిల్లలు చేయునదియు ఇదియే. ఈ వేడుక ఇప్పుడు కంప్యూటరు తెర మీదికి వచ్చినది. అట్టి ఆటలలో హాస్యప్రధానమైన ‘అండర్‌టేల్’ అను దానిని తీసికొని, దాని గుణములను, దోషములను ఈ ప్రసంగములో పరిశీలింపదలచితిమి. ఆ పేరునకు ‘పాతాళ కథ’ అని అర్థము చెప్పుకొనవచ్చును.

ఇట్టి ఆటను తూచుటకు తూనికరాళ్లను పరదేశమునుండి తెచ్చుకొననక్కరలేదు. చిరుతల ఆట చూచిన కన్నులతోనే మూడు ప్రశ్నలు వేయవచ్చును. వేషము వేసికొన్నవాని మనస్సులో ఆట ముగిసిన పిదప ఏమైనా మిగులుచున్నదా? అందలి నవ్వు ఎవరినైనా నొప్పించునా? ఆట మనుష్యులను ఒకచోటికి చేర్చునా, లేక విడదీయునా?

ముందుగా ఈ జాతి ఆటల పుట్టుకను రెండు మాటలలో చెప్పెదము. 1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అను ఇరువురు ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ అను ఆటను ప్రకటించిరి. నలుగురు ఒక బల్ల చుట్టు కూర్చుండి, ఒకరు వీరుడుగా, ఒకరు మాంత్రికుడుగా మాటలాడుచు, పాచికలు వేసి కథను నడుపుదురు. ఆ పద్ధతి క్రమముగా కంప్యూటరులోనికి వచ్చినది. 1986లో జపానులో వెలువడిన ‘డ్రాగన్ క్వెస్ట్’ ఆ దేశములో దీనిని ఇంటింటి ఆటగా చేసినది. శత్రువు ఎదురగును, వానిని కొట్టవలెను, కొట్టినకొలది మన బలము పెరుగును. ఇది దాదాపు అన్నిటికిని మూలసూత్రమైనది. 1994లో షిగెసాతో ఇతోయి అను జపాను రచయిత ‘మదర్ 2’ అను ఆటలో ఈ గంభీర వీరగాథను కొంత వేళాకోళము చేసి, నేటి కాలపు పిల్లలను నాయకులుగా నిలిపెను. ఆ ఆటను చూచి పెరిగిన టోబీ ఫాక్స్ అను అమెరికా యువకుడు ‘అండర్‌టేల్’ను రచించెను. కథ, సంగీతము, ఆట కూర్పు చాల వరకు అతనొక్కని పనియే. చిత్రములలో టెమీ చాంగ్ అను చిత్రకారిణి సహాయము కలదు. 2013లో ప్రజలను 5,000 డాలర్ల చందా కోరగా 51,000 డాలర్లకు పైగా వచ్చినది. ఆట 2015 సెప్టెంబరు 15న వెలువడినది.

కథ ఇది. పూర్వము మనుష్యులకు, వింతప్రాణులకు యుద్ధము జరిగినది. గెలిచిన మనుష్యులు ఓడినవారిని భూమి క్రిందికి తరిమి, మంత్రపు అడ్డుగోడ కట్టిరి. చాల కాలమునకు ఒక పసిబిడ్డ కొండనెక్కి, కాలుజారి ఆ పాతాళములో పడును. ఆ బిడ్డ వేషమే మన వేషము. మొదట ఎదురగు నవ్వుముఖపు పువ్వు స్నేహితునివలె మాటలాడి మోసము చేయును. తరువాత మేకను పోలిన ‘టోరియెల్’ అను తల్లివంటి ప్రాణి మనలను కాపాడి, తన యింట ఉంచుకొని, తీపి వంటకము చేసి పెట్టును. అక్కడినుండి బయలుదేరి మన లోకమునకు దారి వెదకుకొనవలెను.

దారిలో ఎవరైనను అడ్డగించినప్పుడు తెరపై నాలుగు మార్గములు కనబడును: కొట్టుట, ఏదైన పని చేయుట, వస్తువును వాడుట, క్షమించుట. ‘ఏదైన పని’ అన్నచోటనే ఈ ఆట గొప్పతనమంతయు ఉన్నది. ఏడ్చుచున్న దయ్యము వచ్చిన ఓదార్చవచ్చును. కత్తి పట్టిన కుక్క వచ్చిన నిమురవచ్చును. నిమిరినకొలది దాని మెడ తాటిచెట్టువలె పెరిగి పెరిగి తెర దాటి పోవును! ఎదుటివాని మనస్సు మెత్తబడిన పిదప క్షమించి సాగనంపవచ్చును. ఈ విధముగా ఒక్క ప్రాణికిని హాని చేయక ఆటను తుదముట్టించు వీలు కలదు. ఈ జాతి ఆటలలో ఇది సామాన్యమైన విషయము కాదు.

ఇందలి హాస్యము మొదటి గుణము. అన్నదమ్ములైన ఇరువురు అస్థిపంజరులున్నారు. అన్న సోమరి, మాటకు మాట విరుచువాడు. తమ్ముడు మనలను పట్టి రాజభటుల కొలువు సంపాదింపవలెనని కలలు కనును. వాడు పన్నిన ఉచ్చులలో వాడే పడును. వాని చేత ఓడినను ప్రాణభయము లేదు. కొట్టుగదిలో పెట్టి పోవును, పలుమార్లు ఓడినచో విసిగి దారి విడుచును. చిందు భాగవతములో బుడ్డర్‌ఖాన్ వేషము చూచినవారికి ఈ తమ్ముడు కొత్తవాడుగా తోచడు. బుడ్డర్‌ఖాన్ తన్ను తాను నవ్వులపాలు చేసికొని సభను నవ్వించును. ఈ తమ్ముని నవ్వును అట్టిదే. కావున రెండవ ప్రశ్నకు ఆట మంచి సమాధానమే చెప్పినది.

మొదటి ప్రశ్నకు సమాధానము మాకు జగిత్యాలలో ఒక బంధువుల యింట దొరికినది. ఆ యింటి పిల్లవానికి పదునొకండేండ్లు. తండ్రి కువైటులో పని చేయుచున్నాడు. శుక్రవారము సెలవునాడు ఫోనులో ముఖము చూపును. తల్లి, నాయనమ్మ బీడీలు చుట్టుచుండగా పిల్లవాడు కంప్యూటరు ముందు కూర్చున్నాడు. మేము ప్రక్కన కుర్చీ వేసికొంటిమి.

టోరియెల్ అతనిని బయటికి పోనీయక వాకిట అడ్డు నిలిచినది. మాటలాడి చూచెను, ఫలింపలేదు. కొంచెము కొట్టిన భయపడి దారి ఇచ్చునని తలచి కొట్టెను. ఒక దెబ్బ అతడనుకొన్న దానికంటె గట్టిగా తగిలి ఆ తల్లి నేలకూలినది. పిల్లవాడు మారు మాటాడక ఆటను వెనుకకు తిప్పి, దాచియుంచిన చోటినుండి మరల మొదలుపెట్టెను. ఈసారి ఎన్ని దెబ్బలు తగిలినను తిరిగి కొట్టక, మరల మరల క్షమించుటయే ఎన్నుకొనెను. తుదకు ఆమె మెత్తబడి, కౌగిలించుకొని, సాగనంపినది. పిల్లవాని ముఖము వికసించినది. కాని వాకిలి దాటగానే ఆ మోసపు పువ్వు మరల కనబడి, నీవు ముందు చేసిన పని నాకు తెలియునని ఎత్తిపొడిచినది.

“తాతా, అది నేను ఎనుకకు తిప్పిన గద! ఈ పువ్వుకెట్ల తెల్సింది?” అని పిల్లవాడు మా వైపు తిరిగెను.

“నీకు యాదికున్నది గద బిడ్డా, దానికీ ఉన్నది” అంటిమి.

అతడు కొంతసేపు మీట ముట్టలేదు. ఆ మౌనమే ఈ ఆటకు మేమిచ్చు మొదటి మెప్పు. ఇతర ఆటలలో చంపినకొలది పెరుగు ‘అనుభవము’ అను లెక్క, ఇక్కడ చేసిన హింసకు లెక్కయని కథ చివర బయటపడును. ఎవరిని చంపనివాడు మొదటి మెట్టు మీదనే, కొద్దిపాటి ప్రాణబలముతోనే, తుది వరకు నడవవలెను. దయ సులభమని ఆట అబద్ధము చెప్పలేదు. అందరిని వెదకి వెదకి చంపినవానికి ఊళ్లు నిర్మానుష్యములగును, నవ్వు మాయమగును. ఆ దారిని తుదముట్టించినచో, మరల ఎంత మంచిగా ఆడినను ఆ మచ్చ ముగింపులో కనబడును.

ఇక దోషములు. మొదటిది, పైన చెప్పిన సన్నివేశమందే ఉన్నది. వాకిలి కాచిన తల్లిని జయించు ఉపాయము క్షమను మరల మరల పట్టుటయే. కాని ఆ సంగతి కొత్త ఆటగానికి సులభముగా స్ఫురింపదు. మాటలాడుమని అంతకుముందు నేర్పి, మాట ఫలింపనిచోట త్రోవ స్పష్టముగా చూపక, తప్పు చేసిన పిదప ఎత్తిపొడుచుట పూర్తిగా న్యాయము కాదు. చిరుతల గురువు అడుగు తప్పినవానిని తిట్టును గాని, ముందు అడుగు నేర్పిన పిదపనే తిట్టును.

రెండవది, చేతివేగము. ఎదుటివారు మన మీదికి విసరు ఆయుధములనుండి ఒక చిన్న హృదయపు గుర్తును వేళ్లతో తప్పించుచుండవలెను. పిల్లలకు ఇది వినోదము, మావంటివారికి శిక్ష. కథ మీద ఆసక్తి ఉండి వేళ్లు చురుకుగా లేనివారు మధ్యలోనే నిలిచిపోవుదురు.

మూడవది, భాష. అస్థిపంజరులైన అన్నదమ్ముల పేర్లు రెండును ఇంగ్లీషు అచ్చు అక్షరముల తీరులకు పెట్టిన పేర్లు. వారి మాటలును ఆయా తీరులలోనే కనబడును. ఎముకలను గూర్చిన శ్లేషలు అడుగడుగున కలవు. తెలుగు బడిలో చదువు బిడ్డకు ఇందు సగము నవ్వు అందదు. చిరుతల ఆటలో అక్షరము రాని ముసలమ్మ కూడ నవ్వవలసిన చోట నవ్వును.

నాలుగవది, బొమ్మలు బహు సాదా. కొన్నిచోట్ల చిత్రకారుడు తొందరపడినట్లు తోచును. తిరిగిన దారినే తిరుగుట కూడ కొంత విసుగు. సంగీతము ఈ లోపమును చాల వరకు కప్పినది. నూటికి పైగా ఉన్న బాణీలలో ఒకరి రాగపు ముక్క వేరొకరి సన్నివేశమున తొంగిచూచి, మరచిన మనిషిని గుర్తునకు తెచ్చును. అయినను ఒక ముగింపులో వచ్చు భయంకరమైన చిత్రములు చిన్నపిల్లలు ఒంటరిగా చూడదగినవి కావు.

మూడవ ప్రశ్నకు ఈ ఆట చెప్పు సమాధానము చాలదు. ఈ ఆట ఒక్కని కొరకు కట్టినది. దయను నేర్పును గాని, ఆ దయ చూపుటకు ప్రక్కన మనిషిని ఉంచదు. చిరుతల రాముడు తప్పు పాడిన తోటివారు అందుకొందురు. రావణుడు పడినప్పుడు ఊరు చప్పట్లు కొట్టినను, మరునాడు ఆ రావణునితోనే కలసి టీ త్రాగును. శత్రువు వేషమే గాని మనిషి కాడని మన పల్లెలు ఎన్నడో నేర్చినవి. అమెరికా యువకుడు ఎంతో నేర్పుతో చెప్పినది కూడ అదియే.

కాని మనము గొప్పలు చెప్పుకొని ఊరకుండుట తగదు. చిరుతలకు నెలల తరబడి రాత్రులు ఊరిలో మగవారు నిలిచియుండవలెను. ఈ మూడు పట్టణముల చుట్టుప్రక్కల పల్లెలనుండి ఎందరో బ్రతుకుతెరువు వెదకుచు గల్ఫు దేశములకు పోయిరి. ఊరి నడుమ ఆట కట్టువారు కరవైనచోట పిల్లవాడు తెర ముందు కూర్చుండుట వాని తప్పు కాదు. తెరను లాగివేసినంతమాత్రమున చిరుతలు వాని చేతికి రావు.

కావున మా తీర్పు ఇది. ‘అండర్‌టేల్’ మంచి ఆట; పదేండ్లు దాటిన పిల్లలకు ఈయదగినదే. కాని ఒంటరిగా ఈయదగినది కాదు. పెద్దవారొకరు ప్రక్కన కుర్చీ వేసికొని, ఇంగ్లీషు ముక్కలను తెలుగు చేసి చెప్పుచు, నీవెందుకు కొట్టితివి, ఎందుకు విడిచితివని అడుగుచుండవలెను. ఆటలో లేని రెండవ మనిషి స్థానమును మనము నింపవలెను.

ఆ జగిత్యాల పిల్లవాడు తరువాతి శుక్రవారము తండ్రికి ఫోనులో ఈ కథయే చెప్పెనట. “కొట్టకుంట ఎట్ల గెలిచినవ్ రా?” అని తండ్రి అడిగెనట. ఒక గంటసేపు ఆ యింట అదే ముచ్చట. కువైటులోని మనిషి, బీడీలు చుట్టు నాయనమ్మ, పిల్లవాడు, ముగ్గురును ఒక కథ చుట్టు కూర్చున్నారు. ఏ వేషమునకైనను ఇంతకంటె మేము కోరునది లేదు.